ద్వీపముల బడులలో గోష్ఠీ సంగీతము

సంగీతవిద్య రాజధానులయందును, మహానగరములయందును మాత్రమే వర్ధిల్లుననుట లోకమున వాడుకగా వినవచ్చు మాట. సభలు, పోషకులు, పేరొందిన గురువులు ఉన్నచోట విద్వాంసుడుండును, విద్వాంసుడున్నచోట శిష్యుడుండును. ఈ మాటలో సత్యము లేకపోలేదు. కాని చుట్టును సముద్రము, నడుమ నాలుగు పల్లెలు, ఆ పల్లెలకెల్ల కలిపి ఒక చిన్న బడి, ఆ బడిలో ఇరువదిమంది పిల్లలు ఉన్నచోట పుట్టిన బాలుని చెవికి మంచి సంగీతము చేరుటెట్లు? చేరినను నిలుచుటెట్లు?

ఈ ప్రశ్నకు స్కాట్లండు దేశమునకు ఉత్తరమున నున్న ఆర్క్నీ, షెట్లాండ్ ద్వీపములవారు గడచిన అర్ధశతాబ్దిలో తమ ఆచరణచేత చెప్పిన సమాధానము తెలిసికొనదగినది. స్వస్థలమునకు దూరముగా, అన్యభాషల నడుమ, చిన్న చిన్న సమూహములుగా తరతరములనుండి నివసించుచున్న తెలుగువారికి ఈ వృత్తాంతము పరాయిది కాదు. చుట్టును నీరున్నను, చుట్టును వేఱుభాష యున్నను చిన్న సమూహమునకు గల చింత యొకటే: పెద్దలకు వచ్చినది పిల్లలకు వచ్చునా, రాదా?

గోష్ఠీ సంగీతమనగా నేమి

పాశ్చాత్య సంగీతమున పెద్దమేళము, చిన్నమేళము అని రెండు తెగలు కలవు. పెద్దమేళమును ఆర్కెస్ట్రా యందురు. అందు అరువదిమొదలు నూరుమందివరకు వాద్యకారులుందురు. వారి కెదురుగా ఒక నాయకుడు నిలిచి, చేతికఱ్ఱతో కాలమును చూపుచుండును. చిన్నమేళమున ఇద్దరు మొదలు ఎనమండుగురు, తొమ్మండుగురువరకు ఉందురు. దీనికి ఆంగ్లమున ఛేంబర్ సంగీతమని పేరు. ఛేంబరనగా గది. ప్రభువుల భవనములలో ఒక గదియందు కొలదిమంది రసికుల యెదుట వాయింపబడుటచేత ఈ పేరు కలిగినది. తెలుగున దీనిని గోష్ఠీ సంగీతమనుట తగియుండును.

ఈ చిన్నమేళములలో ముఖ్యమైనది నాలుగు తీగవాద్యముల కూటమి. ఇందు రెండు వయొలినులు, వాని కంటె కొంచెము పెద్దదియు మంద్రమైనదియు నగు వయోలా ఒకటి, కాళ్ల నడుమ నిలుపుకొని వాయించు చెల్లో ఒకటి యుండును. ఆస్ట్రియా దేశీయుడైన హేడన్ (1732–1809) ఎస్టర్‌హాజీ ప్రభువుల కొలువున నుండి ఈ కూటమికి అఱువదికి పైగా కృతులు రచించి, దానికొక స్థిరరూపము నేర్పరచెను. అతని తరువాత మోజార్ట్, బీథోవెన్ మొదలగువారు తమ ఉత్తమ భావములను ఈ చిన్న పాత్రయందే నింపిరి.

గోష్ఠీ సంగీతమున నాయకుడు లేడు. ప్రతివానికిని తనదైన వరుస వేఱుగా వ్రాయబడి యుండును. ఒకని వరుసను మఱియొకడు వాయింపడు. కావున ఒకడు తప్పినచో దానిని కప్పిపుచ్చువారుండరు. మొదటి వయొలినువాడు శ్వాస తీసికొనుట, కమాను నెత్తుట, కంటితో నొక సైగ చేయుట వీనిని చూచి తక్కినవారు ఎత్తుగడను గ్రహింతురు. నలువురును ఒకరినొకరు వినుచు వాయింపవలెను. ఎవని వరుసయందు ముఖ్యరాగము వచ్చునో వానికి తక్కిన ముగ్గురు చోటిత్తురు. మఱుక్షణమున ఆ ముఖ్యత్వము వేఱొకనికి పోవును.

కర్ణాటక సంగీత కచేరి నెఱిగినవారికి ఇది కొంతవఱకు పరిచితమైన పద్ధతియే. గాయకుడు, వయొలిన్, మృదంగము అను ముగ్గురి కూటమియందును కఱ్ఱపట్టిన నాయకుడు లేడు. గాయకుని యెత్తుగడను పక్కవాద్యములవారు కన్నులతోడను చెవులతోడను పట్టుకొందురు. కచేరియు పూర్వము జమీందారుల చావళ్లలో కొలదిమంది యెదుటనే జరుగుచుండెను. భేదమెక్కడ ననగా, పాశ్చాత్యుల చిన్నమేళమున రచన యంతయు ముందుగా వ్రాయబడియుండును. మనోధర్మమునకు తావు స్వల్పము. కచేరియందో, మనోధర్మమే ప్రాణము. అయినను పరస్పర శ్రవణమే రెంటికిని మూలము.

ఈ స్వభావముచేతనే గోష్ఠీ సంగీతము ద్వీపములకు తగినదైనది. నూరుమంది మేళమును చిన్న పడవలో చేర్చుట సాధ్యము కాదు. నలుగురిని, అయిదుగురిని చేర్చవచ్చును. దానికి రంగస్థలముతో పనిలేదు. బడిలోని ఒక గది చాలును. వినువారు వాయించువారికి నాలుగడుగుల దూరమున కూర్చుండవచ్చును.

ద్వీపముల స్థితి

ఆర్క్నీ అనునది సుమారు డెబ్బది ద్వీపముల సముదాయము. వానిలో ఇరువదింట మాత్రమే జనులు నివసించుచున్నారు. మొత్తము జనసంఖ్య రమారమి 22 వేలు. ముఖ్యపట్టణమగు కిర్క్‌వాల్ నందు 1137లో ప్రారంభింపబడిన సెయింట్ మాగ్నస్ దేవాలయము ఎఱ్ఱరాతితో నేటికిని నిలిచియున్నది. ఆర్క్నీకి ఈశాన్యమున, మఱింత దూరముగా, షెట్లాండ్ ద్వీపములు కలవు. వాని జనసంఖ్య రమారమి 23 వేలు. ఈ రెండు సముదాయములును పూర్వము నార్వే రాజ్యమునకు చెందినవి. 1468, 1469 సంవత్సరములలో డెన్మార్క్–నార్వే రాజు తన కుమార్తె వివాహమున కట్నమునకు బదులు వీనిని స్కాట్లండు రాజునకు కుదువ పెట్టెను, కుదువ విడిపింపబడలేదు. ఆ కారణమున అచ్చటి జనుల మాటలోను, ఊరిపేర్లలోను, ఫిడేలు బాణీలలోను నార్వే ఛాయ నేటికిని కనబడుచున్నది.

ద్వీపమునుండి ద్వీపమునకు ప్రయాణము పడవలపై జరుగుచుండెను. 1967నుండి చిన్న విమానములును నడచుచున్నవి. వెస్ట్రే అను ద్వీపమునుండి పాపా వెస్ట్రే అను ద్వీపమునకు గల విమానమార్గము 2.7 కిలోమీటర్లు, ప్రయాణకాలము రెండు నిమిషములు. నియమితవేళలకు నడచు విమానయానములలో ప్రపంచమున నింతకంటె చిన్నది లేదు. ఒక బడినుండి మఱియొక బడికి పోవు ఉపాధ్యాయులు ఈ విమానములలో పోవుదురు. చలికాలమున గాలి హెచ్చినను, మంచు క్రమ్మినను పడవయు నాగును, విమానమును నాగును. ఆనాడు పాఠమును నాగును.

ఈ దీవులలోని బడులు మిక్కిలి చిన్నవి. వేర్వేఱు వయస్సుల పిల్లలు ఒకే గదిలో చదువుకొనుట సామాన్యము. దూరపు దీవుల పిల్లలు పెద్దచదువునకు కిర్క్‌వాల్ చేరి, వారమంతయు వసతిగృహమున నుండవలెను. పిదప ఉన్నతవిద్యకై దక్షిణపు నగరములకు పోవుదురు. అనేకులు తిరిగి రారు. కావున దీవిలోని బాలుని చెవిలో ఏదైన నాటవలెనన్నచో, వాడు చిన్నబడిలో నున్న కొలదియేండ్లలోనే నాటవలెను.

ఒక స్వరకర్త, ఒక దీవి

1934లో ఇంగ్లండునందలి సాల్ఫర్డ్ పట్టణమున జన్మించిన పీటర్ మాక్స్‌వెల్ డేవీస్, ఇరువదవ శతాబ్ది బ్రిటిష్ స్వరకర్తలలో ప్రముఖుడు. అతడు 1959నుండి 1962వఱకు సైరెన్‌సెస్టర్ పట్టణమున ఒక బడియందు సంగీతోపాధ్యాయుడుగా పనిచేసెను. ఆ మూడేండ్లలో అతనికి కలిగిన నిశ్చయము తరువాతి జీవితమునకెల్ల పునాదియైనది. పిల్లల కొఱకని పెద్దల కృతులను చప్పబఱచి యిచ్చుట తగదు; పిల్లల చేతికందునట్టి, అయినను నిజమైన సంగీతమునే వారికొఱకు క్రొత్తగా వ్రాయవలెను. వారిచేతను వ్రాయింపవలెను.

1967లో అతడు మిత్రులతో కలిసి పియెరో ప్లేయర్స్ అను చిన్నమేళమును స్థాపించెను. 1970లో దాని పేరు ఫైర్స్ ఆఫ్ లండన్ అని మారినది. ఫ్లూట్, క్లారినెట్, వయొలిన్, చెల్లో, పియానో, తాళవాద్యములు ఇవియే ఆ మేళమునకు ముఖ్యాంగములు, కంఠసంగీతమును తోడగుచుండెను. 1987లో విరమించువఱకు ఈ కూటమి కొఱకు అతడు అనేక కృతులు రచించెను.

1971లో అతడు లండను కోలాహలము విడిచి ఆర్క్నీలోని హొయ్ ద్వీపమునకు వచ్చి, ర్యాక్‌విక్ అను లోయయందు నివాస మేర్పరచుకొనెను. అది ఒకప్పుడు సంసారములతో నిండియుండి, పిదప జనులు వలసపోగా దాదాపు నిర్జనమైన చోటు. ఏకాంతము కోరి వచ్చినవాడు ఏకాంతమునందే నిలిచిపోలేదు. 1977 జూనులో, ఆర్క్నీ కవియగు జార్జి మకే బ్రౌన్ మొదలగు స్థానిక మిత్రులతో కలిసి సెయింట్ మాగ్నస్ ఉత్సవమును ప్రారంభించెను. మొదటి ఉత్సవమున ఆ పురాతన దేవాలయమునందే అతని చిన్న గేయనాటకము, సెయింట్ మాగ్నస్ ఆత్మార్పణమునకు సంబంధించినది, ఫైర్స్ ఆఫ్ లండన్ వారిచే ప్రదర్శింపబడెను. దానికి ఆధారము బ్రౌన్ రచించిన నవల.

మఱుసటి యేడు, 1978లో, జరిగినది మఱింత గమనింపదగినది. కిర్క్‌వాల్ ఉన్నత పాఠశాల పిల్లల కొఱకు అతడు 'ఇద్దరు ఫిడేలువాండ్రు' అను గేయనాటకమును రచించెను. పాడినవారును, వాయించినవారును ఆ బడి పిల్లలే. కథకు మూలము బ్రౌన్ వ్రాసిన చిన్నకథ. స్టార్మ్, గావిన్ అను నిరువురు ఫిడేలువాండ్రు ఒక పెండ్లినుండి రాత్రివేళ ఇంటికి మరలుచు, భూగర్భమున నివసించు ట్రోలులను మరుగుజ్జు జాతివారి కంటబడిరి. గావిన్ తప్పించుకొనెను. స్టార్మ్ వారికొఱకు ఫిడేలు వాయించెను. వారు సంతసించి వరము కోరుకొమ్మనగా, తన జనులెవ్వరును ఇకపై కష్టించి పని చేయనక్కఱలేకుండునట్లు వరము కోరెను. బయటికి వచ్చి చూడగా, ఒక రాత్రి యనుకొన్నది ఇరువదియొక్క సంవత్సరములైనది. వరము ఫలించినది. జనులు ఏ పనియు చేయక, సిద్ధముగా వచ్చు తిండి తినుచు, సిద్ధముగా వచ్చు వినోదమును చూచుచు సోమరులై పడియుండిరి. తమంతట తాము పాడుట, వాయించుట వారు మఱచిరి. స్టార్మ్ మరల ఫిడేలు చేతబట్టవలసి వచ్చెను.

ఆడుకొనుటకు పిల్లలకిచ్చిన ఈ కథయందు పెద్దలకును ఒక హెచ్చరిక కలదు. సంగీతము బయటినుండి సిద్ధముగా వచ్చుట వేఱు. ఊరివారు తామే చేసికొనుట వేఱు. పెట్టెలోనుండి వినబడు సంగీతము ఎంత గొప్పదైనను, ఊరిలో నొకడు ఫిడేలు పట్టనిచో ఆ ఊరికి సంగీతము లేదనియే చెప్పవలెను.

1979లో అతడు కిర్క్‌వాల్ అంగళ్లను గూర్చి చిన్నపిల్లలు పాడుటకు పాటలు కూర్చెను. 1980లో పిల్లలకై సిండరెల్లా గేయనాటకమును, 1981లో హొయ్ దీవి పాటలను రచించెను. తమ వీధి, తమ అంగడి, తమ సముద్రము పాటలో వినబడుట పిల్లలకు క్రొత్త. సంగీతమన్నది దూరపు నగరములనుండి వచ్చు వస్తువుగాక, తమయూర పుట్టదగిన వస్తువని వారికి తెలియవచ్చెను. తరువాతి కాలమున అతడు శాండే అను మఱియొక దూరపు దీవికి మారి, 2016 మార్చి 14న అచ్చటనే మరణించెను. ఎలిజబెత్ రాణి ఆస్థాన సంగీతాచార్యుడుగా 2004నుండి 2014వఱకు వ్యవహరించినవాడు కొలదిజనము గల దీవియం దుండుట విశేషము.

బృందము బడికి వచ్చిన దినము

చిన్నమేళము దీవిలోని బడికి వచ్చినపుడు జరుగు పని యెట్టిదో కొంత వివరింపదగును. మొదటి కష్టము ప్రయాణమే. వయొలినును చంకన బెట్టుకొని పోవచ్చును. చెల్లో యట్లు కాదు. అది మనిషియంత యుండుటచే చిన్న విమానమున దానికి వేఱుగా నొక ఆసనము కావలెను. సముద్రపుగాలి తేమ వలన కొయ్య ఉబ్బును. గదిలోని వేడి వలన బిగియును. బిరడలు జాఱి శ్రుతి తప్పును. కావున బడికి చేరిన వెంటనే వాద్యములను కొంతసేపు ఊరక యుంచి, పిదప శ్రుతి చేయవలెను. పిల్లల యెదుటనే ఇది చేయుట మంచి పద్ధతి. శ్రుతి చేయుటయే వారికి మొదటి పాఠము.

పిదప ఒక చిన్న కృతిని, నాలుగైదు నిమిషములకు మించనిదానిని, మాటలతో పనిలేకుండ వాయింతురు. ఆ మొదటి యనుభవమునకు ముందు ఉపన్యాస ముండరాదు. మంద్రస్థాయిలో చెల్లో పలికినపుడు ఆ కంపము నేలచెక్కలగుండ పిల్లల పాదములకు తగులును. శబ్దమనగా చెవికి మాత్రమే చెందినది కాదని వారికి తెలియును. ఏ పెట్టెయు ఈ యనుభవము నీయజాలదు.

అటుపిమ్మట వాద్యముల నిర్మాణమును చూపుదురు. కమానుకు కట్టినవి గుఱ్ఱపు వెండ్రుకలు. వానికి గుగ్గిలము రాచినగాని అవి తీగను పట్టవు. తీగ కంపించగా ఆ కంపము గుఱ్ఱము అనబడు చిన్న కొయ్యవంతెన మీదుగా పై పలకకు దిగును. లోపల, పై పలకకును క్రింది పలకకును నడుమ, ఒక చిన్న కొయ్యపుల్ల నిలుపబడి యుండును. దానికి జిగురుండదు, ఒత్తిడిచేతనే నిలుచును. అది పడిపోయినచో వాద్యము మూగవోవును. ఫ్రెంచివారును ఇటలీవారును ఆ పుల్లను తమ భాషలలో 'ఆత్మ' యని పిలుతురు.

తరువాతిది పిల్లల వంతు. ఒక రచనను నాలుగు ముక్కలుగా విడదీసి, ఒక్కొక్క వరుసను వేఱుగా వాయించి చూపుదురు. పిమ్మట కలిపి వాయింతురు. ఏ వరుస యెప్పుడు ముందుకు వచ్చినదో పిల్లలు చేయియెత్తి చెప్పవలెను. ఒకడు వేఱొకని విని వాయించు విధము వారికి ఇట్లు బోధపడును. పిల్లలు చప్పట్లతో నొక లయ చెప్పుదురు. వేఱొకడు నాలుగు స్వరములు పాడును. బృందమువారు వానిని కూర్చి అప్పటికప్పుడొక చిన్న బాణీని చేసి వినిపింతురు. తాను పాడిన నాలుగు స్వరములు చెల్లో నోట వినిన బాలుడు ఆ దినమును మఱవడు.

మెన్యుహిన్ ప్రయత్నము

ఈ విధమైన పర్యటనలను వ్యవస్థగా నడపిన వారిలో యెహూదీ మెన్యుహిన్ (1916–1999) ముఖ్యుడు. బాల్యముననే ప్రపంచప్రసిద్ధి గన్న ఈ వయొలిన్ విద్వాంసుడు 1977లో, ఇయాన్ స్టౌట్జ్‌కర్ అను మిత్రునితో కలిసి లైవ్ మ్యూజిక్ నౌ అను సంస్థను బ్రిటనున స్థాపించెను. వృత్తిలో నపుడే అడుగిడుచున్న యువవిద్వాంసులను ఎంపికచేసి, పారితోషిక మిచ్చి, బడులకును, ఆసుపత్రులకును, వృద్ధాశ్రమములకును పంపుట దాని పని. స్కాట్లండునందును దాని శాఖ ఏర్పడినది. ఇందు లాభము రెండు విధములు. సభకు రాజాలనివారికి సంగీతము వారియొద్దకే వచ్చును. యువవిద్వాంసునికో, తన్ను మెచ్చుకొనుటకు సిద్ధపడి రాని శ్రోతల యెదుట వాయించుట యనెడు కఠినమైన శిక్షణ లభించును. పదేండ్ల పిల్లవాడు మర్యాదకొఱకు చప్పట్లు కొట్టడు.

ఈ మెన్యుహిన్ 1952లో నెహ్రూగారి యాహ్వానముపై భారతదేశమునకు వచ్చినపుడు, మద్రాసున న్యాయమూర్తి పి. వి. రాజమన్నారు గారి గృహమున ద్వారం వేంకటస్వామి నాయుడుగారి వాదనమును వినెను. ఆనాటి గోష్ఠియు సభాభవనమున గాక ఇంటిలో జరిగినదే. నాయుడుగారు 1893లో బెంగుళూరున జన్మించి, విశాఖపట్టణమున పెరిగి, 1919లో విజయనగర మహారాజావారి సంగీత కళాశాల నెలకొన్నప్పుడే అందు ఆచార్యులై, 1936లో దానికి అధ్యక్షులైరి. కన్నడసీమలో కన్ను తెఱచిన తెలుగుబిడ్డ, పాశ్చాత్యుల వాద్యమున కర్ణాటక సంగీతమును పలికించి, పాశ్చాత్య విద్వాంసునిచే మన్ననలందెను.

షెట్లాండ్: ఆరిన దీపము

బయటినుండి వచ్చు బృందము ఒకనాటి అతిథి. అతిథి పోయిన పిదప ఇంటివారు వండుకొనవలెను. ఈ సంగతి షెట్లాండ్ చరిత్రయందు స్పష్టముగా కనబడుచున్నది.

షెట్లాండున ఫిడేలు పాశ్చాత్య విద్వత్సంగీతమునకు చెందినది గాక, పెండ్లిండ్లకును నృత్యములకును చెందిన జానపద వాద్యము. ఆ బాణీలు వ్రాతలో లేవు. తండ్రినుండి కొడుకునకు చెవివెంట వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధము తరువాత రేడియో, గ్రామఫోను వ్యాపించుటయు, యువకులు వలసపోవుటయు సంభవించి ఆ వరుస తెగజొచ్చెను. టామ్ ఆండర్సన్ (1910–1991) అను భీమా ఏజెంటు, తన వృత్తిరీత్యా ఇల్లిల్లు తిరుగుచు, ముసలి ఫిడేలువాండ్ర బాణీలను సేకరించెను. 1960లో షెట్లాండ్ వలసజనులు స్వస్థలమునకు మరలివచ్చిన గొప్ప సమావేశ సందర్భమున ఫిడేలువాండ్రను కూడగట్టి ఒక పెద్దమేళము నేర్పరచెను.

1969 జనవరిలో ఒకరాత్రి అతడు తాను పుట్టిన ఎషనెస్ ప్రాంతమునుండి మరలుచు, కొండ యెక్కి వెనుదిరిగి చూచెను. తన చిన్ననాడు ఇంటింట వెలుగుచుండిన దీపములలో కొన్ని మాత్రమే మిగిలియుండెను. ఆ దుఃఖమున పుట్టిన బాణీకి 'ఆరిన దీపము' అను అర్థము వచ్చు పేరు పెట్టెను. అది నేడు స్కాట్లండు ఫిడేలు బాణీలలో మిక్కిలి ప్రసిద్ధమైనది.

అతడు దుఃఖించి ఊరకుండలేదు. 1970వ దశకమున, ఉద్యోగవిరమణానంతరము, షెట్లాండ్ బడులలో పిల్లలకు ఫిడేలు నేర్పుట మొదలుపెట్టెను. ఇంటిలో నేర్పు తండ్రులు లేనపుడు బడియే ఆ పని పూనుకొనవలెనని అతని నిశ్చయము. ఆలీ బెయిన్ వంటి ప్రసిద్ధ ఫిడేలు విద్వాంసులు ఆండర్సన్ శిష్యులు. ఆరిపోవునను బాణీలు మరల పిల్లల వ్రేళ్లమీదికి వచ్చినవి.

ఇట్టి విద్యకు ధనమును కావలెను. స్కాట్లండునందలి పెక్కు జిల్లాలలో బడిలో వాద్యము నేర్చుకొనుటకు పిల్లలు రుసుము చెల్లింపవలసి యుండెను. ఇవ్వలేనివారు మానుకొనిరి. 2021లో అచ్చటి ప్రభుత్వము ఈ రుసుమును తొలగించెను. వాద్యము చేతికిచ్చి, గురువును బడికి పంపి, రుసుము తీసివేసినగాని పర్యటనబృందము రగిల్చిన ఉత్సాహము నిలువదని దీనివలన తేలుచున్నది.

ఒక వాద్యము, రెండు ప్రయాణములు

ద్వీపవాసులు ఫిడిల్ అనుదానినే తెలుగువారు ఫిడేలు అందురు. ఒకే వాద్యము ఉత్తరసముద్రపు దీవులకును, దక్షిణభారతమునకును ప్రయాణము చేసినది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1859) చెన్నపురి ప్రాంతమున మణలి జమీందారుల ఆశ్రయమున నుండగా, ఒక ఐరోపావానివద్ద వయొలిను నేర్చి, దానిని కర్ణాటక సంగీతమునకు అనువుగా మలచినవారిలో మొదటివాడయ్యెను. నిలుచుండి గడ్డముక్రింద పట్టుకొను వాద్యమును, కూర్చుండి, తలభాగమును పాదముపై నానించి వాయించు పద్ధతి ఏర్పడినది. చేయి స్వేచ్ఛగా జాఱుటకు వీలుకలిగి గమకములు పలుకజొచ్చెను. ముత్తుస్వామి దీక్షితులు ఆనాటి పాశ్చాత్య బ్యాండు బాణీలకు, ఇంగ్లీషు, ఐరిష్, స్కాట్ వరుసలకు, సంస్కృత సాహిత్యము కూర్చెను. సుమారు నలువది గల ఆ నొట్టుస్వర సాహిత్యములు నేడును పిల్లలకు మొదట నేర్పబడుచున్నవి. సులభమైన బాణీతో బాలుని చెవిని తెఱచుట యనెడు ఉపాయము ఆర్క్నీ స్వరకర్తకు పూర్వమే ఇక్కడివారికి తెలిసియుండెను.

బాలుస్వామి దీక్షితులు పిదప ఎట్టయపురము సంస్థాన విద్వాంసులైరి. ఆ వంశమువారైన సుబ్బరామ దీక్షితులు తమ సంగీత సంప్రదాయ ప్రదర్శినిని 1904లో ఆ ఎట్టయపురముననే ముద్రింపించిరి. తమిళనాటి నడుమ ముద్రితమైన ఆ మహాగ్రంథము తెలుగు లిపిలో తెలుగున నున్నది.

నిలుచుటకు కావలసినవి

ఈ వృత్తాంతమునుండి తేలు సారాంశమును క్రోడీకరింపవచ్చును. మొదటిది, శ్రేష్ఠమైన సంగీతమును పిల్లలకు దగ్గఱగా, సజీవముగా వినిపించు అవకాశము. దీనిని పర్యటనబృందము కలిగించును. రెండవది, పిల్లలు తామే పాల్గొనుటకు వారి శక్తికి తగిన క్రొత్త రచన. దీనిని స్వరకర్త యీయవలెను. మూడవది, వారము వారము వచ్చు గురువు, చేతికి వాద్యము. దీనిని బడియు ప్రభుత్వమును ఇయ్యవలెను. నాలుగవది, నేర్చినదానిని ఊరివారి యెదుట ఏటేట ప్రదర్శించు ఒక పండుగ. దీనిని సమూహమే నిలుపుకొనవలెను. వీనిలో మొదటిదానికి లభించు కీర్తి తక్కినవానికి లభింపదు. అయినను మొదటిది ఒక్కదినపు పని; తక్కినవి తరములపాటు సాగవలసిన పనులు.

తంజావూరు మండలమునందలి మెలట్టూరు గ్రామమున ఈ నాలుగవ సాధనము యొక్క బలమును చూడవచ్చును. మెలట్టూరు వేంకటరామశాస్త్రి రచించిన ప్రహ్లాద చరిత్రము మొదలగు తెలుగు నాటకములు అచ్చట నృసింహ జయంతి సందర్భమున భాగవతమేళముగా ప్రదర్శింపబడుచున్నవి. బడిలో తమిళము చదువు బాలురు ఇంటిలో తెలుగు దరువులు వల్లించి, ఏటేట వేషము కట్టుదురు. ఆ పండుగ తేది పంచాంగమున నుండుటచేత ఆ బాలుడు పాఠమును వాయిదా వేయజాలడు. పెద్దలు నేర్పక తప్పదు; పిల్లలు నేర్వక తప్పదు.

కర్ణాటకమునను, తమిళనాటను, ఒడిశాయందును, మహారాష్ట్రమునను, యానామునను గల తెలుగు సమాజములవారు ఏటేట ఉత్సవములు జరుపుకొనుచు, పేరొందిన విద్వాంసులను దూరమునుండి రప్పించుచున్నారు. అది మంచిపని. ఆ విద్వాంసుడు సాయంకాలము కచేరికి ముందు, ఆ ఉదయము సమీపమునందలి బడికి పోయి, నేలపై కూర్చున్న పిల్లల నడుమ ఒక గంట వాయించునట్లు ఏర్పాటు చేసినచో వ్యయము స్వల్పము. అతడు పోయిన మఱువారము ఆ బడికి వచ్చి సరళీస్వరములు నేర్పువాడొకడు సిద్ధముగా నున్నచో ఫలము సంపూర్ణము. ఎషనెస్ కొండపైనుండి ఆండర్సన్ చూచిన దీపముల లెక్క ప్రతి సమాజమును తన పిల్లల విషయమున వేసికొనదగిన లెక్కయే. పాఠము నేర్పు చేతులుండగనే ఆ లెక్క వేయుట మేలు.